వెనకాల బెల్లు ఉన్న సైకిలు

సైకిలు ఉన్నది తొక్కడానికని మీరింకా నమ్ముతూ ఉంటే మీ మీద నాకు కోపం లేదు, జాలి మాత్రమే ఉంది. మొన్నమొన్నటిదాకా నేనూ మీలాంటివాడినే.

సైకిలు ఉన్నది గోడకి తగిలించడానికి! దాని మీద చిన్న దీపం వెలుగు పడాలి. పక్కన ఇత్తడి రేకు మీద అది పుట్టిన సంవత్సరం ఉండాలి. ఎదురుగా నలుగురు నిలబడి, కాఫీ చప్పరిస్తూ, "వావ్" అనాలి. తొక్కితే ఏముంది? టైరు అరుగుతుంది, చెయిన్ సాగుతుంది, చొక్కా తడుస్తుంది. గోడ మీదున్న సైకిలు వల్ల ఎవరి చొక్కా అయినా తడిసిందా? చెప్పండి!

ఈ జ్ఞానం నాకు మా విశాఖపట్నంలో కొత్తగా వెలసిన పాతసైకిళ్ళ క్లబ్బు వారి దయవల్ల కలిగింది. వాళ్ళని చూసి నవ్వేవాళ్ళు ఉన్నారు. డబ్బున్నవాళ్ళ వేషాలని విసుక్కునేవాళ్ళూ ఉన్నారు. అలాంటివారి కళ్ళు తెరిపించడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు వాళ్ళ మర్యాద చూడండి. ఇదివరకు మా జ్ఞానాపురం వీధుల్లో పాత ఇనుము కోసం తలుపు తట్టేవాడు తోపుడుబండివాడు ఒక్కడే. చిల్లిపడ్డ బకెట్టు ఇస్తే ఉల్లిపాయలు ఇచ్చేవాడు. ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, ఒకే రంగు టీషర్టులు వేసుకున్న పెద్దమనుషులు గుమ్మంలో నిలబడుతున్నారు. "ఆంటీ, మీ ఇంట్లో పాత సైకిలేమైనా ఉందా? చూసి వెళ్ళిపోతాం" అని చేతులు కట్టుకుని అడుగుతున్నారు. మెట్ల కింద పడి ఉన్నదాన్ని బయటికి లాగి, తలకిందులు చేసి, గుడ్డతో తుడిచి, సెల్‌ఫోన్ లైటు వేసి, నంబరు చదివి, ఒకరినొకరు కావలించుకుంటున్నారు. కాన్పు గదిలోంచి నర్సు బయటికి వచ్చి మగపిల్లాడని చెప్పినప్పుడు తండ్రులు ఎంత సంతోషపడేవారో మా ఆవిడ చెప్పేది; వీళ్ళ సంతోషం ముందు అది ఏ మూలకి! మా ఆవిడ నర్సు. ఆవిడ సంగతి తర్వాత చెబుతాను.

బండివాడు ఉల్లిపాయలు ఇచ్చేవాడు. వీరు సెల్ఫీ ఇచ్చి వెళుతున్నారు. ఏది గొప్ప? ఉల్లిపాయ కుళ్ళిపోతుంది!

మరి తుప్పు మాటేమిటి? మా ఊళ్ళో ఉక్కు తయారవుతుంది, దాన్ని సముద్రం తింటుంది. కిటికీ ఊచలు, గేటు గడియలు, డాబా మీద నీళ్ళ ట్యాంకు స్టాండు, చివరికి బట్టల క్లిప్పులో ఉండే తీగముక్క, దేన్నీ వదలదు. తరతరాలుగా మేం గీకి, ఎర్రరంగు పూసి, మళ్ళీ గీకి బతికాం. ఎంత అజ్ఞానం! అది తుప్పు కాదట, 'పాటినా' అట. దాన్ని గీకడం పాపమట. హైదరాబాదు వాళ్ళు ఎంత మొత్తుకున్నా అలాంటి పాటినా రాదట. ఆ మాట విన్నప్పటినుంచి మా గేటు చూస్తే నాకు గర్వంగా ఉంటోంది. చెయ్యి మాత్రం వెయ్యను. టెటనస్ వస్తుంది.

వన్‌టౌన్‌లో నా స్నేహితుడు గులాం మొహమ్మద్‌కి సైకిలు షాపు ఉంది. వాళ్ళ నాన్న పెట్టిన షాపు. పంక్చర్లు వేయించుకునేవాళ్ళు తగ్గిపోయి, ఇక షట్టరు దించేద్దామనుకుంటున్న సమయంలో క్లబ్బువారు దేవుళ్ళలా దిగారు. అతను పనికిరావని మూల పడేసిన చెయిన్‌కవర్లు, పగిలిన ల్యాంపులు కళ్ళకద్దుకుని పట్టుకుపోయారు. ఒకరోజు నేను వెళ్ళేసరికి షాపు వెనక ఒక మడ్‌గార్డు ఉప్పునీళ్ళ బకెట్లో నానుతోంది. కొత్తది. కంపెనీ కాగితం కూడా పూర్తిగా ఊడలేదు.

"ఇదేమిటి గులాం?" అన్నాను.

"ఊరేత్తన్నాను బావా. ఆవకాయైతే మూడ్రోజుల్లో ఊరిపోద్ది. దీనికి వానలెల్లేదాకా ఆగాల. ఆపైన ఇది బ్రిటీసోళ్ళ మడ్‌గార్డు."

"అలా చెప్పి అమ్మడం తప్పు కాదూ?"

"నాను సెప్తానేటి? ఆళ్ళే సూత్తారు, ఆళ్ళే సెప్పుకుంతారు. నాను తలూపుతాను. తలూపడం కూడా తప్పేటి బావా, మెడ నాది కదా!"

చూశారా! ఒక షాపు నిలబడింది. కుటుంబం నిలబడింది. మెడకి పని దొరికింది. ఇంత మేలు చేసేవారిని పట్టుకుని వేషాలంటారా?

ఇక ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డు చూడాలి. క్లబ్బువారి సైకిళ్ళు కార్ల నెత్తిన కూర్చుని ఊరేగింపుగా వస్తాయి. ఇన్నాళ్ళూ మనిషిని సైకిలు మోసింది. ఇప్పుడు సైకిలుని మనిషి మోస్తున్నాడు. దానికి ఇన్నాళ్ళకి న్యాయం జరిగింది! దొరలనాటి టోపీలు, ప్యాంటుని భుజాలకి తగిలించే పట్టీలు వేసుకుని సభ్యులు కొంతదూరం తొక్కుతారు. ఇడ్లీ తింటారు. సైకిళ్ళు అలిసిపోతాయి కాబట్టి మళ్ళీ కార్లు ఎక్కించి తీసుకెళ్ళిపోతారు.

సోమవారం పొద్దున్న అదే రోడ్డు మీద తవిటయ్య కనిపిస్తాడు. ఆకుకూరల బుట్ట వెనక కట్టుకుని, పూర్ణా మార్కెట్టు నుంచి సైకిలు మీద వీధులు తిరిగే మనిషి. ఆదివారం సైకిళ్ళని మోసిన కార్లే సోమవారం అతని వెనక చేరి హారన్ కొడతాయి. "పక్కకి తియ్!" అంటాయి. తవిటయ్య పక్కకి తీస్తాడు. పక్కన ఉన్నది కాలువ. తోటకూర తడిసి తాజాగా కనిపిస్తుంది.

కార్లవారిని తప్పుపట్టకండి. తవిటయ్య సైకిలు ఇంకా వింటేజ్ కాలేదు కదా! తవిటయ్య దాని మీద ఉన్నంతకాలం అది ట్రాఫిక్కి అడ్డం. తవిటయ్య పోయి, సైకిలు ఒక్కటీ మిగిలిన నాడు అది మన వారసత్వం. అప్పుడు అవే కార్లు ఆగుతాయి. ఫొటో తీసుకుంటాయి. తవిటయ్య కాస్త ఓపిక పడితే చాలు.

ఇదంతా ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, ఆ గౌరవం నా సైకిలుకి కూడా దక్కింది.

నేను పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో గులాం వాళ్ళ నాన్న దగ్గర సెకండ్‌హ్యాండు రాలీ సైకిలు ఒకటి కొన్నాను. దాని మీదే ఉద్యోగం, దాని మీదే సంసారం. మా ఆవిడ గ్రేసీని పొద్దున్న డ్యూటీకి ఆసుపత్రి గేటు దగ్గర దింపి, నేను ఆఫీసుకి వెళ్ళేవాడిని. క్యారియర్ మీద ఒక పక్కకి తిరిగి కూర్చునేది. కూర్చునేది అనకూడదు, కాపురం పెట్టింది అనాలి. కొబ్బరిపీచు కూరి నీలం రెక్సిన్‌తో తానే కుట్టుకున్న మెత్త. పాదాలు పెట్టుకోవడానికి చిన్న ఇనప పలక. చీర కుచ్చెళ్ళు చక్రంలో పడకుండా తీగల జాలీ. ఇవి ఆ రోజుల్లో చాలా సైకిళ్ళకి ఉండేవే.

ఏ సైకిలుకీ లేనిది ఒకటుంది. నా సీటు కింద, వెనక్కి తిరిగి, ఆవిడ చేతికి అందేలా ఒక బెల్లు.

ముందు మీకొక బెల్లు ఉంది కదా, అంటారేమో. ఉంది. ఆవిడకి దాని మీద నమ్మకం లేదు. "మీరు ఆలోచిస్తూ తొక్కుతారు. ఆలోచించేవాళ్ళు బెల్లు కొట్టరు" అనేది. అందుకని నా భుజం పక్కనుంచి తొంగిచూస్తూ, గొయ్యి కనిపిస్తే తానే కొట్టేది. గేదె కనిపిస్తే తానే కొట్టేది. ఫాదర్‌గారు కనిపిస్తే దండానికి బదులు కొట్టేది. నేను వీధి మలుపులో ఎవరితోనైనా కబుర్లకి దిగితే ఆపకుండా కొట్టేది. బెల్లు ఎక్కడ మోగుతోందో తెలియక జనం నా ముందు చక్రం వైపు చూసేవారు. నేనూ ఆ వైపే చూసి, నాకు తెలియనట్టు ఉండేవాడిని.

గ్రేసీ పోయి కొన్నేళ్ళయింది. నేను సైకిలు మానలేదు. మార్కెట్టుకి, చర్చికి, గులాం దగ్గర కబుర్లకి దాని మీదే. మెత్త మీద కూరల సంచీ కూర్చునేది. సంచీకి కుచ్చెళ్ళు లేకపోయినా జాలీ తీయలేదు. ఆ వెనక భాగం ఎలా ఉన్నది అలా ఉండాలన్నది తప్ప ఈ వయసులో నాకు పెద్ద పట్టుదలలు లేవు.

అలాంటి నా గేటు ముందు ఒక ఆదివారం క్లబ్బు ప్రెసిడెంటు సాయిశంకర్ కారు ఆగింది. బీచ్ రోడ్డు మీద కాఫీ హోటలు ఉన్న కుర్రాడు. గోడల నిండా సైకిళ్ళే. మంచివాడు. నన్ను అంకుల్ అంటాడు. నా సైకిలు చూడగానే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"కొంగలు! అంకుల్, కొంగలు!"

నేను ఆకాశం వైపు చూశాను. అతను చూస్తున్నది పెడల్స్ దగ్గరున్న పళ్ళచక్రంలోని కొంగ బొమ్మల్ని. దాన్నిబట్టి కంపెనీ తేలింది. వెనక హబ్బు మీద అంకెల్ని బట్టి సంవత్సరం తేలింది. మనుషుల మీద కూడా ఇలా ఎక్కడో ఒకచోట అంకె కొట్టి ఉంటే పెన్షన్ ఆఫీసులో ఎంత సుఖం!

అంతలో వాళ్ళకి వెనక బెల్లు కనిపించింది. ఒకాయన నేల మీద పడుకుని ఫొటోలు తీశాడు. ఇంకొకాయన లేచి, గొంతు సవరించుకుని చెప్పాడు. ఇది యుద్ధకాలపు సైకిలట. విశాఖ మీద బాంబులు పడిన రోజుల్లో వెనక ఒక సిగ్నల్ సిపాయి కూర్చుని ఈ బెల్లుతో సంకేతాలు ఇచ్చేవాడట. సాక్ష్యం ఏమిటి? మెత్త నీలం రంగు. నీలం అంటే నేవీ!

"బాబూ, ఆ బెల్లు మా ఆవిడది," అన్నాను.

సాయిశంకర్ కళ్ళు పెద్దవయ్యాయి. "ఆంటీ నేవీలో చేశారా అంకుల్?"

"లేదు బాబూ. ఆసుపత్రిలో."

అందరి ముఖాలూ వాడిపోయాయి. చెడ్డ రిపోర్టు వచ్చినప్పుడు డాక్టరు చెప్పినంత మెల్లగా సాయిశంకర్ చెప్పాడు: "అయితే, సారీ అంకుల్, ఆ బెల్లు ఒరిజినల్ కాదు."

అయినా పెద్ద మనసు చేసుకుని సైకిలుని ప్రదర్శనకి అడిగారు. ఇప్పుడే తీసుకెళ్ళి, వచ్చే ఆదివారం ఒక్కరోజు పెట్టుకుని, కారులోనే తెచ్చి దింపుతామన్నారు. కాదనడం నాకు చేతకాదు. "వెనక సీటు మాత్రం ముట్టుకోకండి బాబూ" అన్నాను.

"అయ్యో అంకుల్, పువ్వులా చూసుకుంటాం!"

మాట నిలబెట్టుకున్నారు. పువ్వులాగే చూసుకున్నారు. రేకులన్నీ తీశారు.

ప్రదర్శన రోజున నేను హాలంతా తిరిగాను. నా సైకిలు కనబడలేదు. ఇంకా తేలేదు కాబోలు అనుకుని ఒక స్టాండు ముందు నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. "సర్‌ప్రైజ్!" అంటూ సాయిశంకర్ వెనక నుంచి వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు. నేను నా సైకిలు ముందే నిలబడి ఉన్నాను.

వారం పాటు సభ్యులంతా తమ పనులు మానుకుని, తమ చేతులతో, నా మీద ప్రేమతో దాన్ని అసలు రూపానికి తెచ్చారట. మెత్త లేదు. పలక లేదు. జాలీ లేదు. సీటు కింద బెల్లు ఉండే చోట ఖాళీ. తుప్పుని మాత్రం ఎక్కడిదక్కడ భద్రంగా ఉంచారు. అది ఒరిజినలట. గ్రేసీని తీసేశారు.

ఆవిడ ఎక్కక ముందు రోజు ఆ సైకిలు ఎలా ఉండేదో అచ్చం అలా చేసి నాకు చూపించారు. ఎంతమంది భర్తలకి దక్కుతుంది ఈ అదృష్టం? పక్కన ఇత్తడి రేకు మీద అది ఏ కంపెనీదో, ఏ సంవత్సరందో చెక్కించారు. ఎవరిదో చెక్కలేదు. గుర్తింపు పూర్తయినట్టే!

దానికి ఫస్టు ప్రైజు వచ్చింది. సైకిలుకి దండ వేశారు. నాకు శాలువా కప్పారు. "చాలా బాగుంది బాబూ" అన్నాను. ఇంత కష్టపడ్డ కుర్రాడితో ఇంకేమంటాం?

"ఇక దీన్ని తొక్కకూడదంకుల్," అన్నాడు సాయిశంకర్. "టైర్లు ఆ కాలపువే సంపాదించి వేశాం. రోడ్డెక్కితే పొడి అయిపోతాయి. మా కాఫీ హోటల్లో మంచి గోడ ఒకటి ఖాళీగా ఉంది."

గోడకే ఇచ్చాను. తొక్కడానికి వీల్లేని సైకిలు, కూర్చోబెట్టడానికి వీల్లేని క్యారియర్. ఇంటికి తెచ్చుకుని ఏం చేస్తాను?

ఒక మేలు మాత్రం మరువలేను. తీసేసిన సామాను పారేయకుండా ఒక సిమెంటు సంచీలో వేసి, మూతి కట్టి, నా చేతికిచ్చారు. ఇంతమాత్రం దయ ఈ రోజుల్లో ఎవరికుంది?

మర్నాడు ఆ సంచీ పట్టుకుని గులాం షాపుకి నడుస్తున్నాను. యారాడ నుంచి చేపలు తెచ్చి మా వీధిలో అమ్మే అప్పలమ్మ గంప దించుకుని ఎదురైంది.

"ఏటి బాబూ, సైకిలేదీ? ఎవులైనా ఎత్తుకుపోనారేటి?"

"లేదు అప్పలమ్మా. దానికి ఫస్టు ప్రైజు వచ్చింది."

"పెయిజొత్తే నడిసి తిరగాలేటి బాబూ?" అని నన్ను కిందనుంచి పైకి చూసింది. "మరి రెండో పెయిజొచ్చినోడు ఏటి సేత్తన్నాడు? పాకతన్నాడా?"

చేపలమ్ముకునే మనిషికి హెరిటేజ్ గురించి ఏం చెబుతాం! ఆ రోజు ఒక కానాగంత చేపని ఆకులో చుట్టి, డబ్బు తీసుకోకుండా నా చేతిలో పెట్టింది. ప్రైజు వచ్చిన బాధ ఆవిడకి అర్థమైనట్టే ఉంది.

గులాం సిమెంటు సంచీ విప్పాడు. మెత్త తీసి దుమ్ము దులిపాడు. బెల్లు తీసి బొటనవేలితో ఒకసారి మోగించాడు.

"సెల్లెమ్మది కదేటి బావా ఇది."

అవునన్నాను.

"నన్ను తిట్టేది దీంతోటే. పంచరు యేయడం లేటైతే ఎనకాల కూసునే మోగించేసేది, అత్తగారిలాగ."

అతని షాపులో ఒక మామూలు సైకిలు ఉంది. వాచ్‌మెన్లు తొక్కేలాంటి నల్లది. కొంగా లేదు, గోరింకా లేదు. దానికి క్యారియర్ బిగించి, మెత్త కట్టి, పలక, జాలీ వేసి, సీటు కింద వెనక్కి తిప్పి బెల్లు పెట్టాడు. దూరంగా నిలబడి తల అటూ ఇటూ వంచి చూశాడు.

"మరీ కొత్తగా ఉంది బావా. నీ పక్కన సూత్తే నప్పట్లేదు. ఒకపాలి ఉప్పునీళ్ళలో ముంచమంటావేటి?"

"వద్దులే. తొక్కి నేనే పాతది చేస్తాను."

"తొక్కితే పాతదౌద్ది గానీ వింటేజీ అవ్వదు బావా. దానికి మూలనెట్టాల," అన్నాడు, క్లబ్బు సభ్యుడిలా గంభీరంగా.

ఆ సైకిలు మీద నేను మళ్ళీ మార్కెట్టుకి వెళుతున్నాను. మొన్న కాన్వెంటు జంక్షన్ దగ్గర నా పక్కన ఒక కారు ఆగింది. సాయిశంకర్ దిగాడు. ముందు సైకిలుని చూశాడు. అలవాటు కొద్దీ వంగి పళ్ళచక్రం చూశాడు, హబ్బు చూశాడు. ఏమీ తేలలేదు. అప్పుడు సీటు కింద చూశాడు.

"అంకుల్! ఈ బెల్లు కోసమే మీ ఇంటికి బయల్దేరాను."

సంగతేమిటంటే, మొదటిరోజు తీసిన ఫొటోలు విదేశాల్లోని ఏదో పెద్ద క్లబ్బువారు చూశారట. కొంగలున్న సైకిళ్ళు వాళ్ళ దగ్గర గుట్టలుగా ఉన్నాయట. వెనక కూర్చునే మనిషికి బెల్లు ఉన్న సైకిలు మాత్రం ప్రపంచంలో ఎక్కడా చూడలేదట. బెల్లు లేకపోతే అది ఉత్త సైకిలేనట. దాని వెనక ఉన్న కథే దాని విలువట.

"తీసి తప్పు చేశాం అంకుల్. బెల్లు, ఆ మెత్త, అన్నీ మళ్ళీ గోడ మీద సైకిలుకి పెట్టేద్దాం. రేకు మీద ఆంటీ పేరు కూడా వేయిస్తాను." రోడ్డు మధ్యలో చేతులు జోడించాడు. వాడి కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

నాకూ ఇవ్వాలనే అనిపించింది. ఒక్క క్షణం ఇచ్చేద్దామనే అనుకున్నాను, ఇత్తడి మీద గ్రేసీ పేరు ఎలా ఉంటుందో ఊహించుకుని. కానీ క్లబ్బు నియమాలంటే నాకు ప్రాణం. నా స్వార్థం కోసం వాటిని తప్పించమని ఎలా అడగను?

"వద్దు బాబూ," అన్నాను, వీలైనంత మెల్లగా. "అది ఒరిజినల్ కాదు."

వెనక కార్లు హారన్లు మొదలెట్టాయి. "ఓ ముసలాయనా, సైకిలు పక్కకి తియ్!" అని ఎవరో అరిచారు. వాళ్ళ తప్పేముంది, నా సైకిలు ఇంకా వింటేజ్ కాలేదు. పక్కకి తీశాను.

కాబట్టి పాఠకులారా, మీ ఇంట్లో పాత సైకిలుంటే మొహమాటపడకుండా క్లబ్బువారికి ఇచ్చేయండి. ఒక సిమెంటు సంచీ మాత్రం ముందే అడిగి పెట్టుకోండి.

ఇంకొక్క మనవి. మా వీధి రోడ్డు బాగు చేయించమని ఈమధ్య కొందరు సంతకాలు పట్టుకెళుతున్నారు. నా దగ్గరికీ వచ్చారు. నేను పెట్టలేదు. గొయ్యి వచ్చినప్పుడల్లా నా వెనకాల బెల్లు దానంతటదే మోగుతోంది. ఇదివరకు గొయ్యికి ముందు మోగేది. ఇప్పుడు పడ్డాక మోగుతోంది. తేడా అంతే.